ఆటలో అరటిపండుకున్న పాటి విలువ కూడా లేదా?

మన చిన్నప్పుడు వీధిలో ఆడుకునేటప్పుడు చిన్న చెల్లినో, పక్కింటి బుడ్డోడినో కూడా కలుపుకునేవాళ్లం. వాళ్లు ఔటైనా ఔట్ లేదు, దొరికినా దొంగ లేదు. ‘ఆటలో అరటిపండు’ అనేవాళ్లం. లెక్కలోకి రాకపోయినా ఆ పిల్లలు అందరితో పాటు పరుగెత్తేవాళ్లు, పడేవాళ్లు, మోకాళ్లు చెక్కుకునేవాళ్లు. ఒక ఏడాది అలా తిరిగేసరికి ఆట వాళ్లకే వచ్చేసేది. ఒకరోజు ఎవరో ఒకరు ‘ఇంక వీణ్ణి కూడా లెక్కలో వేసుకుందాంరా’ అనేవాళ్లు. ఏ కోచ్ లేకుండా, ఏ ఫీజు లేకుండా, పదేళ్ల పిల్లలు కనిపెట్టుకున్న పద్ధతి అది.

ఇప్పుడు డబ్బు కట్టి, బూట్లు కొని, పొద్దున్నే లేపి మనం ఫుట్‌బాల్ అకాడమీలకు పంపుతున్నామే, అక్కడ మన పిల్లలకు ఆ అరటిపండు పాటి విలువ కూడా లేదు. జట్టులో పేరుంటుంది. జెర్సీ మీద నంబరుంటుంది. గ్రూప్ ఫోటోలో వెనక వరసలో తల కనిపిస్తుంది. ఆట మాత్రం ఉండదు. గీత బయట బెంచీ ఉంటుంది, అంతే.

సూటిగానే చెప్తాను. పన్నెండు, పదమూడేళ్ల పిల్లల జట్టులో తీసుకున్న ప్రతి పిల్లవాడినీ, ప్రతి ఆడపిల్లనీ ప్రతి మ్యాచ్‌లో వంతులవారీగా ఆడించి తీరాలి. ఆడించడం ఇష్టం లేకపోతే తీసుకోకూడదు, ఫీజు తీసుకోకూడదు. ఎప్పుడూ అదే పదకొండు మందిని దింపి కప్పు గెలిచే కోచ్ పిల్లలకు ఆట నేర్పుతున్నట్టు కాదు. తన గోడకు ఫోటోలు పోగేసుకుంటున్నట్టు.

ఈవిడకి ఆట గురించి ఏం తెలుసు అంటారేమో. నేను బట్టలు ఉతికేదాన్ని. ఎవరాడారో తెలుసుకోవడానికి నాకు స్కోరు కాగితం అక్కర్లేదు. మా ఎర్రమట్టి గ్రౌండులో పావుగంట ఆడిన పిల్లవాడి మేజోళ్లు మూడు నీళ్లకు గానీ వదలవు. మా చిన్నవాడు పోయిన వేసవిలో మూడు టోర్నమెంట్లకు వెళ్లాడు. అకాడమీ పేరు చెప్పను, చెప్పి ప్రయోజనం కూడా లేదు, అన్ని చోట్లా అదే కథ కనుక. మూడు టోర్నమెంట్లలో కలిపి వాడు ఆడింది పదిహేను నిమిషాలు లేదు. జెర్సీ ఇస్త్రీ మడత కూడా పోకుండా ఇంటికొచ్చేది. ‘ఎలా ఆడారు నాన్నా’ అంటే ‘గెలిచాం’ అనేవాడు, గోడవైపు చూస్తూ. నేనడిగింది అది కాదని వాడికీ తెలుసు.

కోచ్ సారును అడిగాను. ‘అమ్మా, ఇది కాంపిటీషన్. బాగా ఆడేవాళ్లే ఆడతారు. మీవాడు ఇంకా డెవలప్ అవ్వాలి’ అన్నారు. నాకు అర్థం కానిది అదే. డెవలప్ ఎక్కడవుతాడు సార్, బెంచీ మీదా? కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, కూర్చోబెడితే పిల్లవాడికొచ్చిన నాలుగు ముక్కల ఆట కరగదా? గరిట ఇవ్వకుండా వంట ఎవరికొచ్చింది? స్కూటీ తాళం ఇవ్వకుండా బండి నడపడం ఎవరికొచ్చింది?

ఇక లెక్క. పిల్లల మ్యాచ్ రెండు సగాలూ కలిపి 50 నిమిషాలు అనుకుందాం. ఒకేసారి గ్రౌండులో 11 మంది. అంటే మొత్తం 550 నిమిషాల ఆట ఉన్నట్టు. జట్టులో 18 మంది పిల్లలుంటే తలా 30 నిమిషాలు వస్తుంది, ఇంకా మిగులుతుంది. ఇంటికొచ్చిన పద్దెనిమిది మందికి పాయసం పంచడం చేతకాని ఇల్లాలు ఉంటుందా? పదకొండు గిన్నెలు నింపి, మిగతా ఏడుగురినీ ‘మీరు చూస్తూ ఉండండి, వచ్చే పండక్కి పెడతాను’ అంటే ఆ ఇంటికి ఇంకోసారి ఎవరైనా వెళ్తారా?

ఆట నియమాలు ఒప్పుకోవు అంటారా? పెద్దల మ్యాచ్‌లో ఒకసారి బయటికొచ్చిన ఆటగాడు మళ్లీ లోపలికి పోకూడదన్న మాట నిజమే. కానీ పిల్లల పోటీల్లో దిగినవాడు మళ్లీ ఎక్కవచ్చని, ఆయా దేశాల సంఘాలు కావాలంటే అలా పెట్టుకోవచ్చని ఫుట్‌బాల్ నియమాలు చేసే అంతర్జాతీయ బోర్డే 2017లో దారి తెరిచింది. మన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2018లో చిన్నపిల్లల కోసం గోల్డెన్ బేబీ లీగ్‌లు మొదలుపెట్టింది కూడా తక్కువ మంది, చిన్న గ్రౌండు, ఎక్కువసార్లు బంతి కాలికి తగలడం అన్న ఆలోచనతోనే. దారి ఉంది, నడిచేవాళ్లే లేరు.

పెద్ద క్లబ్బుల రొటేషన్ వేరు, పిల్లల రొటేషన్ వేరు, ఈ రెండూ కలిపేయకండి. పెద్ద క్లబ్బులు వారానికి రెండు మ్యాచ్‌లు ఆడాలి కాబట్టి కాళ్లు అలసిపోకుండా మనుషుల్ని మారుస్తాయి. అకాడమీ జట్టులో మార్చాల్సింది నేర్పడానికి. ఈ వారం గోల్‌కీపర్‌గా నిలబడినవాడు వచ్చే వారం ముందు వరసలో ఆడాలి, వెనక ఆడినవాడు మధ్యలో ఆడాలి. అప్పుడు గానీ ఆట మొత్తం తలకెక్కదు. పదకొండేళ్లకే ‘నువ్వు గోలీవి’ అని ముద్ర కొట్టి గోలు గట్టుకు కట్టేయడం, పెళ్లికి ముందే ‘నువ్వు అంట్లు తోమేదానివి’ అని తేల్చేయడం లాంటిదే.

దీన్ని ఎవరో విదేశీయులు వచ్చి మనకు చెప్పనక్కర్లేదు. మన హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం గారుండేవారు. వృత్తికి బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టునూ, భారత జట్టునూ తీర్చిదిద్దారు. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే భారత్ 1951లో, 1962లో ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. అలవాటు లేని కాలితోనే ఆడాలని షరతు పెట్టి ఆయన టోర్నమెంట్లు జరిపించేవారట. ఆలోచించండి, ఆ పోటీలో ఏ జట్టు గెలిచిందన్నది ఎవరికి కావాలి? కుర్రవాడికి రెండో కాలు వచ్చిందా లేదా అన్నదే పంతులుగారికి కావాలి.

1962 జకార్తా సంగతి ‘మైదాన్’ సినిమా చూసినవాళ్లకు తెలిసే ఉంటుంది. ఆ రోజుల్లో మ్యాచ్ మధ్యలో ఆటగాణ్ణి మార్చే పద్ధతే లేదు, ప్రపంచ కప్‌లో అది 1970లో గానీ రాలేదు. అప్పుడు కూడా రహీం గారు మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మనుషుల్నీ స్థానాల్నీ మారుస్తూ వచ్చారు. వెనక వరసలో గోడలా ఆడే జర్నైల్ సింగ్‌కు తలకు కుట్లు పడితే ఆయన్ని ముందు వరసకు పంపించారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద భారత్ కొట్టిన రెండు గోల్స్‌లో ఒకటి ఆ జర్నైల్ సింగ్‌దే. ఆ ఫైనల్‌కు గోల్‌కీపర్‌ను కూడా మార్చి తంగరాజ్‌ను దింపారు. ఏ ఒక్కరి మీదా ఆధారపడని జట్టు అలా తయారైంది. ఇప్పటి మన అకాడమీల్లో ఒక్క కుర్రవాడి కాలు మడతపడితే కోచ్ ముఖం పాలిపోతుంది. ఎందుకు పాలిపోదు, రెండోవాణ్ణి ఎప్పుడూ ఆడించలేదాయె!

ఇంకో ఉదాహరణ కూడా మన దగ్గరిదే. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీ షూటౌట్‌లో గెలిచారు. రెండేళ్లు తిరక్కుండానే క్లబ్బు డబ్బు చిక్కుల్లో పడింది, 2023-24 సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు, కొత్తవాళ్లను తెచ్చుకునే వీలు లేదు. అప్పుడు దేశంలోని పెద్ద జట్ల ఎదుట కుర్రవాళ్లను నిలబెట్టారు. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి పట్టికలో అట్టడుగున నిలిచారు. ఆ కుర్రవాళ్లను తప్పు పట్టను, చివరిదాకా నిలబడ్డందుకు మెచ్చుకుంటాను. నేనడిగేది ఒకటే. కుర్రవాళ్లకు వంతు రావాలంటే ఇల్లు తగలబడాలా? పెద్దకోడలు మంచాన పడితే గానీ చిన్నకోడలికి పొయ్యి దగ్గర చోటు దొరకదన్నట్టుంది ఈ వ్యవహారం. ఇల్లు బాగున్నప్పుడు, గెలుస్తున్నప్పుడు, వెనక పెద్దవాళ్లు నిలబడి ఉన్నప్పుడు కొద్దికొద్దిగా ఆడించి ఉంచితే, కష్టం వచ్చిన నాడు పిల్లలు అంత ఒంటరి అవ్వరు.

ఇప్పుడు ‘బాగా ఆడేవాళ్లు’ అన్న మాట సంగతి చూద్దాం. పదకొండేళ్ల పిల్లల్లో బాగా ఆడేవాడు ఎవడు? చాలాసార్లు ముందు పుట్టినవాడు! వయసు జట్లకు లెక్క జనవరి 1 నుంచి. జనవరిలో పుట్టినవాడూ, అదే సంవత్సరం డిసెంబరులో పుట్టినవాడూ ఒకే జట్టు. ఆ వయసులో పదకొండు నెలలంటే మాటలా? ఒక జానెడు ఎత్తు, నాలుగు కిలోల బరువు తేడా ఉండొచ్చు. కెనడాలో ఐస్ హాకీ జట్లను చూసి 1980ల్లోనే పరిశోధకులు ఈ సంగతి పట్టుకున్నారు, ఎంపికైనవాళ్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువ. తర్వాత చాలా దేశాల ఫుట్‌బాల్ అకాడమీల్లోనూ ఇదే తేలింది. కోచ్ ‘టాలెంట్’ అని మురిసిపోతున్నది చాలాసార్లు పుట్టిన నెలనే.

ఇక మా వైపు ఆ పుట్టిన తేదీ కూడా నిజమో కాదో దేవుడికెరుక. బళ్లో వేసిన రోజు సారు రాసిన జూన్ నెల తేదీలే ఎన్ని ఇళ్లల్లో లేవు? అందుకే పెద్ద పోటీల్లో మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తున్నారు. కాగితం మీద తేదీ నమ్మలేక ఎముకను చూసే రోజుల్లో, పన్నెండేళ్ల వాడి ఒడ్డూ పొడుగూ చూసి ‘వీడు పనికొస్తాడు, వాడు పనికిరాడు’ అని తేల్చేసే ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుందో!

‘పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది’ అని సామెత చెప్తారు. నేను తెలుగు బీఏ చదివినదాన్ని, సామెతలకు తలవంచుతాను. కానీ భద్రాచలం అడవి అంచున ఉన్నదాన్ని కూడా. ఇప్పచెట్టు నాటిన ఎనిమిది, పదేళ్లకు గానీ పూతకు రాదు. అప్పటిదాకా వాసన లేదని కొట్టేస్తే ఇక ఇప్పపువ్వు ఏరుకునేదెవరు? నిజామాబాద్ జిల్లాలో ఒక తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య భారత మహిళల జట్టు జెర్సీ వేసుకుంది. పదేళ్ల వయసులో తండాలో ఆడుకునే పిల్లల్లో ఏ పిల్ల అక్కడిదాకా వెళ్తుందో ఎవరు చెప్పగలరు? చెప్పలేం కనుకే అందరినీ ఆడించాలి.

ఈ బెంచీ బరువు అందరికీ ఒకేలా ఉండదని కూడా చెప్పాలి. మా చిన్నవాడు ఆడకపోయినా సాయంత్రానికి ఇల్లు చేరతాడు, నాలుగు రోజులు అలుగుతాడు, మర్చిపోతాడు. వాడితో పాటు ఏజెన్సీ ఊరి నుంచి ఒక కోయ పిల్లవాడు వచ్చేవాడు. చెప్పులు లేకుండా కూడా మావాడి కంటే వేగంగా పరుగెత్తేవాడు. మ్యాచ్ ఉన్న రోజు తెల్లారకముందే బయల్దేరి, ఆటో ఎక్కి, బస్సు ఎక్కి రావాలి. తల్లికి బస్సు ఉచితం కానీ పిల్లవాడికి టికెట్టు కొనాలి. అదేమో ఏప్రిల్, మే నెలలు. వాళ్ల ఊళ్లో అది తునికాకు సీజన్. తెల్లవారుజామున అడవికి పోయి ఆకు కోసుకొచ్చి, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి కల్లంలో ఇస్తేనే ఆ ఇంటికి నాలుగు డబ్బులు. ఆ పని రోజు పోగొట్టుకుని తల్లి కొడుకును వెంటబెట్టుకొచ్చింది. పిల్లవాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ల సీసాలు అందించాడు. రెండుసార్లు అలా అయ్యింది. మూడోసారి రాలేదు. ఫోన్ చేస్తే వాళ్లమ్మ ‘ఎందుకక్కా, కూర్చోవడానికి అంత దూరం ఎందుకు’ అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు. మీ దగ్గరుందా?

ఊళ్లో పది మంది మాట్లాడేటప్పుడు ‘అడవి బిడ్డల్లో ఎంత టాలెంట్ ఉందో’ అని ఉపన్యాసాలిస్తారు. ఆ టాలెంట్‌కు అరగంట ఆట ఇవ్వడానికి మాత్రం చెయ్యి రాదు.

ఆ పదకొండు మంది తల్లులకు కూడా ఒక మాట చెప్పాలి. ‘మావాడు బాగా ఆడుతుంటే ఎందుకు దించాలి’ అని నాతో ఒక వదిన పోట్లాడింది. వదినా, మన దగ్గర మే నెల ఎండ నీకు తెలియనిదా? నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీల రోజున, పక్కన ఏడుగురు పిల్లలు ఖాళీగా కూర్చుని ఉండగా నీ కొడుకు ఒక్కడే మొత్తం ఆట పరుగెత్తడం గౌరవమా? ఎండ మితిమీరితే ప్రపంచ కప్ ఆడే మగాళ్లకే నీళ్లు తాగే విరామం ఇస్తారు. ఎదిగే వయసులో మితిమీరి పరుగెత్తే పిల్లలకు మోకాలి చిప్ప కింద వాపు, నొప్పి రావడం డాక్టర్లకు బాగా తెలిసిన సంగతే. వంతులు పెడితే మావాడికి ఆట దొరుకుతుంది, మీవాడికి మోకాళ్లు మిగులుతాయి. ఇద్దరికీ మంచిదే కదా.

‘వంతులు పెడితే ఓడిపోతాం, ఓడిపోతే సెలెక్టర్లు చూడరు, దాతలు రారు’ అన్నది చివరి వాదన. కొన్ని మ్యాచ్‌లు ఓడతారు, నిజమే, దాచను. ఓడితే ఏమవుతుంది? నార్వే అని ఒక దేశముంది. జనాభా మన పాత ఉమ్మడి ఖమ్మం జిల్లాకు రెండింతలు, అంతే. అక్కడ పిల్లల క్రీడల నియమాల్లో పదకొండేళ్ల లోపు వాళ్లకు పట్టికలు, ర్యాంకులు పెట్టకూడదని రాసుకున్నారు. పిల్లల్ని మెత్తగా పెంచి చెడగొడుతున్నారనుకుంటే, 2022 శీతాకాల ఒలింపిక్స్‌లో అందరికంటే ఎక్కువగా 16 బంగారు పతకాలు గెలిచింది ఆ దేశమే. గోల్స్ వాన కురిపించే ఎర్లింగ్ హాలండ్ పెరిగింది కూడా అక్కడే, బ్రీనె అనే ఒక చిన్న ఊళ్లో. అండర్-13 కప్పు గెలిచిన జట్లు ఎన్ని ఉంటాయో మీరే చెప్పండి. అందులో ఒక్కటైనా ఐదేళ్ల తర్వాత ఎవరికైనా గుర్తుందా? ఆడించలేదని ఆట మానేసిన పిల్లవాడికి మాత్రం ఆ వేసవి జీవితాంతం గుర్తుంటుంది.

పదిహేడు, పద్దెనిమిదేళ్లు వచ్చాక, క్లబ్బు సీనియర్ జట్టుకు వెళ్లాక, బాగా ఆడినవాడే ఆడనీ. అక్కడ వంతులు అడగడం అన్యాయం, నేను అడగను. కానీ అందరికీ నేర్పిన తర్వాత చేసేది ఎంపిక అవుతుంది. నేర్పకముందే చేసేది ఏరిపారెయ్యడం.

అందుకని తల్లులారా, అడగవలసినవి అడుగుదాం. పిల్లవాణ్ణి చేర్పించే రోజే ‘ప్రతి మ్యాచ్‌లో కనీసం సగం ఆట ఆడిస్తారా’ అని అడగండి. నోటిమాటగా వద్దు, ఫీజు రసీదు వెనక రాయించుకోండి. గోలు దగ్గర ఎప్పుడూ ఒకే పిల్లవాణ్ణి నిలబెడుతుంటే ఎందుకని అడగండి. దూరం నుంచి వచ్చే పిల్లలకు మొదటి సగంలోనే ఆట ఇమ్మని అడగండి, సాయంత్రం చివరి బస్సు వాళ్ల కోసం ఆగదు. ఇంటికొచ్చిన పిల్లవాణ్ణి ‘గెలిచారా’ అని కాకుండా ‘ఎంతసేపు ఆడావు, ఏ చోట ఆడావు’ అని అడగండి.

వచ్చే మ్యాచ్‌కు వెళ్లేటప్పుడు సంచిలో నీళ్ల సీసాతో పాటు పాలవాడి లెక్క రాసుకునే లాంటి చిన్న నోటుబుక్కు, ఒక పెన్ను పెట్టుకోండి. పిల్లల పేర్లు వరసగా రాసి ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారో ఎదురుగా వేయండి. మన పిల్లవాడి పేరొక్కటే కాదు, పద్దెనిమిది పేర్లూ రాయండి. ఆట అయ్యాక ఆ కాగితం కోచ్ సారు చేతికి మర్యాదగా ఇవ్వండి. పాలవాడు నీళ్లు కలిపితే ఊరుకోనివాళ్లం, పిల్లల ఆటలో కోత పెడితే ఎందుకు ఊరుకోవాలి?